ఎవరి పేరు కుట్టావు?

గౌను వచ్చి నా మిషను మీద పడింది.

ఆడుతున్న సూదికి అంగుళం దూరంలో పడింది. గబుక్కున కాలు తీసేశాను. మిషను ఆగింది.

"ఇది నీ పనేనా?" అంది అత్తయ్య.

నేను తలెత్తలేదు. ఆ గౌను ఎవరిదో ఈ ఇంట్లో అందరికీ తెలుసు. ఇరవై ఏళ్ల కిందట, నాలుగేళ్ల వయసులో జ్వరమొచ్చి పోయిన ఆమె కూతురిది. నాకు ఆడబిడ్డ వరస. నేను చూడని ఆడబిడ్డ. ఏడాది పిల్లప్పుడు తొడిగిన నీలం గౌను, ఛాతీ మీద తెల్ల దారంతో పేరు. నిన్నటి దాకా ఉండేది ఆ పేరు. ఇప్పుడు గౌను మడతల్లోంచి తెల్ల దారం ముక్కలు రాలి నా ఒళ్లో పడుతున్నాయి.

"నోరు పెగలదేం? బ్లేడు పట్టినప్పుడు చెయ్యి బాగానే ఆడిందే!"

"పాపకి తొడుగుదామని మీరే బయటికి తీశారు కదా అత్తయ్యా. తొడగండి. గౌను వద్దనలేదు. ఆ పేరు వద్దన్నాను."

"పేరు లేకపోతే అదేం గౌను? మిషను తుడుచుకునే పేలిక."

ఆమె గౌను లాక్కుని కిటికీ వెలుతురుకి పట్టింది. కుట్లు పోయినా సూది పోట్లు పోలేదు. చిల్లుల్లోంచి పేరంతా చుక్కలు చుక్కలుగా కనబడింది. కుట్టు తీయగలంగానీ పోటు తీయలేం. మా పనిలో మొదటి పాఠం అదే. తప్పు పడిన పేరుని విప్పకూడదు, ఆ ముక్క కత్తిరించి కొత్త ముక్క వేయాలి. నాకీ పాఠం చెప్పింది కూడా అత్తయ్యే. నిన్న బ్లేడు పట్టుకున్నప్పుడు గుర్తు రాలేదు.

"అదిగో, చూడు," అంది కొడుకుతో. "నీ పెళ్లాం చేసిన పని చూడు. చచ్చిన పిల్లని మళ్లీ చంపింది."

ఆయన చూడలేదు. మూడో మిషను ముందు మెడ వంచుకుని, హోటలు వాళ్ల తువ్వాళ్లు కుడుతున్నారు. ఇంట్లో గొడవైనప్పుడల్లా ఆయన మిషను చప్పుడు పెరుగుతుంది. పెళ్లైన కొత్తలో పని మీద శ్రద్ధ అనుకున్నాను.

మా ముందు గదే షాపు. బడి పిల్లల చొక్కాల మీద, ఫ్యాక్టరీ కోట్ల మీద, ఆస్పత్రి దుప్పట్ల మీద పేర్లు కుట్టడం మా బతుకు. ఊళ్లో సగం మంది గుండెల మీద మా చేతి పేర్లే ఉన్నాయని ఆయన గొప్పగా చెప్పుకుంటారు. ఇంట్లో మాత్రం నా పేరు ఎవరి నోటా రాదు.

ఎందుకంటే నా పేరు కూడా అదే. గౌను మీది పేరే.

పెళ్లి మాటలప్పుడు నా పేరు వినగానే అత్తయ్య చేతిలో టీ కప్పు అలాగే ఉండిపోయింది. తర్వాత ఒక్కటే మాట అంది. "పిల్ల నచ్చింది. మా ఇంట్లో ఆ పేరు పెట్టి మాత్రం పిలవం." మా నాన్న నవ్వేశాడు. "పిలవకపోతే అరిగిపోదుగా వదినా!" అన్నాడు. అరగలేదు నిజమే. తుప్పు పట్టింది. వేరే పేరు పెట్టినా దానికి అలవాటు పడేదాన్ని. అదీ పెట్టలేదు. అత్తయ్యకి నేను 'అమ్మాయ్'ని. షాపుకొచ్చే వాళ్లకి 'అమ్మా'ని. ఆయనకి 'ఇదిగో'ని. ఒక్కోసారి అదీ లేక, దగ్గి పిలుస్తారు.

ఇప్పుడు అదే పేరు నా కూతురికి పెడతారట. రేపు పొద్దున మున్సిపల్ ఆఫీసుకెళ్లి పుట్టిన సర్టిఫికెట్లో రాయిస్తారట.

"రాయించడానికి వీల్లేదు," అన్నాను.

"ఏమన్నావ్?"

"వీల్లేదన్నాను అత్తయ్యా."

మిషను చప్పుడు ఇంకాస్త పెరిగింది.

అత్తయ్య స్టూలు లాక్కుని నా ఎదురుగా కూర్చుంది. ఆమె నిలబడి అరిస్తే భయం లేదు. కూర్చుంటేనే భయం.

"తొమ్మిదో క్లాసుతో చదువాపేసిన దానివి. నీకింత నోరెక్కడిది? ఆ పేరుకి అర్థమైనా తెలుసా నీకు?"

"తెలుసు. నిలిచేది అని."

"ఆఁ. నిలిచేది. రెండు కడుపులు పోయాక అది పుట్టింది. ఇదైనా నిలవాలని నేనే వెతికి పెట్టుకున్నాను. ఎవరో ఇస్తే తీసుకోలేదు."

"నాకు మా నాన్న పెట్టాడు. లారీ డ్రైవరు కదా, నెలలో ఇరవై రోజులు రోడ్డు మీదే. ఇంట్లో ఒక్కరైనా ఒక చోట నిలవాలని పెట్టుకున్నాడు. నాకూ ఎవరో పారేస్తే ఏరుకున్న పేరు కాదు."

"మీ నాన్న ముచ్చటా, నా కడుపుకోతా ఒకటేనా?"

"ఒకటని అనలేదు."

"మరేమంటున్నావ్?"

అనకూడదని తెలుసు. పెదవి దాకా వచ్చేసిందనీ తెలుసు. పొద్దున పాప నుదురు ముట్టుకుంటే కొంచెం వెచ్చగా అనిపించింది. మెడ కింద చెయ్యి పెట్టాను, పొట్ట మీద పెట్టాను, నా నుదురు ముట్టుకుని మళ్లీ పాప నుదురు ముట్టుకున్నాను. ఏం లేదు. దుప్పటి వేడి, అంతే. అయినా అప్పట్నుంచి నాలుగుసార్లు మిషను ఆపి వెళ్లి ముట్టుకుని చూశాను. పాపకి ఎనిమిది నెలలు. తుమ్మితే నాకు వణుకు. ఆ గౌను పెట్టెలోంచి బయటికి వచ్చిన రోజు నుంచీ, పేరుతో పాటు ఆ జ్వరం కూడా గౌనుకి అంటుకుని వచ్చిందేమోనన్న పిచ్చి నన్ను పట్టుకుంది. పిచ్చే అని నాకూ తెలుసు.

"నిలిచేది అని పేరు పెడితే నిలిచిందా అత్తయ్యా?" అన్నాను. "ఒకసారి చూశారుగా. మళ్లీ నా బిడ్డ మీద చూస్తారా?"

మూడో మిషను ఆగిపోయింది.

వీధిలో ఎవరో సైకిలు స్టాండు వేస్తే ఉలిక్కిపడ్డాను. అత్తయ్య కళ్లు ఆర్పలేదు. చీర కొంగుతో ఒళ్లోని గౌను మీద దుమ్ము దులిపింది. దుమ్మేం లేదు. అయినా దులుపుతూనే ఉంది.

ఆయన అప్పుడన్నారు. "ఇదిగో, ఏంటా మాట?"

"మీరు మాట్లాడాల్సిన చోట మాట్లాడి ఉంటే నేను ఈ మాట అనాల్సి వచ్చేది కాదు."

"నువ్వుండరా," అంది అత్తయ్య. ఆమె గొంతు నూతిలోంచి వచ్చినట్టుంది. "అననీ. అన్నదిగా. ఇక నేనూ అంటాను. విను అమ్మాయ్. బతికుంటే అది నీ ఈడుదే. నువ్వు తల దువ్వుకుంటుంటే చూస్తాను, దాని జుట్టు ఇంత ఉండేది అనుకుంటాను. నువ్వు విసుక్కుంటే దానికీ ఇంత విసుగు ఉండేదేమో అనుకుంటాను. నాలుగేళ్లకే పోయిన దానికి దొరకని ఏళ్లన్నీ నీకు దొరికాయి. దాని పేరు నీకు దొరికింది. దాని అన్న నీకు మొగుడయ్యాడు. దాని ఇంట్లో నువ్వు బిడ్డని కని జోలపాడుతున్నావు. దానికేం మిగిల్చావ్? ఆ గౌను మీద మూడు అక్షరాలంత కుట్టు మిగిలింది. అదీ పీకేశావ్."

అన్నీ నిజాలే. నేను చేసిన తప్పు మాత్రం వాటిలో ఒక్కటీ లేదు.

"ఆమె లేకపోవడం నా తప్పా?" అన్నాను చివరికి. "ఆ పేరు మీ అమ్మాయి దగ్గర్నుంచి నేను లాక్కోలేదు. నా పేరే మీరు గుమ్మం బయట వదిలి రమ్మన్నారు. వదిలి వచ్చాను. ఇన్నేళ్లూ ఈ ఇంట్లో నిలిచింది ఎవరు? ఆ పేరుకి అర్థం ఎవరు నిలబెట్టారు? నా బిడ్డకి ఎవరూ తొడిగి విప్పని పేరు కావాలి. నాకు నా పేరు కావాలి. అంతే."

"అంతేనట!" అంది అత్తయ్య, ఎవరికో చెబుతున్నట్టు. గౌను బల్ల మీద పెట్టి లేచింది. చాప మీద దారం ఉండలతో ఆడుకుంటున్న పాప దగ్గరికి వెళ్లింది. "రా. నువ్వూ రా. పిలువు నీ కూతుర్ని. ఏ పేరు కావాలో ఆ పేరుతో పిలువు."

"ఇదేం పందెమమ్మా?" అన్నారు ఆయన.

"నువ్వు తువ్వాలు కుట్టుకో."

నేను చాప ఇవతల కూర్చున్నాను. "చిన్నీ," అన్నాను. పాప దారం ఉండని నోట్లో పెట్టుకుంది. "చిన్నీ, అమ్మ దగ్గరికి రా. చిన్నీ..."

ఉండ చుట్టూ చొంగ కారుస్తూ, ఆ ఉండనే చూస్తోంది. ఉలుకూ లేదు పలుకూ లేదు.

అత్తయ్య పిలిచింది. గట్టిగా కాదు. ఆ పేరు ఆమె నోట ఎప్పుడూ వినలేదు నేను. చివర్లో కాస్త సాగదీసి, ఎవరినో నిద్ర లేపుతున్నట్టు పిలిచింది.

పాప తల తిప్పింది. నోట్లోంచి ఉండ జారిపోయింది. అత్తయ్య వైపు చేతులు చాచి నవ్వింది.

చాప మీద పడిన ఉండని నేను తీసి ఒళ్లో పెట్టుకున్నాను.

"మధ్యాహ్నాలు నువ్వు మిషను మీద ఉన్నప్పుడు దీన్ని ఆడించేది ఎవరనుకున్నావ్?" అంది అత్తయ్య, పాపని చంకకెత్తుకుంటూ. "నువ్వు ఎవరెవరివో పేర్లు కుట్టుకుంటూ కూర్చున్నావ్. నేను దీనికి దాని పేరు నేర్పాను. రేపు ఆఫీసులో రాసేది ఉత్త రాతే. పేరు ఎప్పుడో పడిపోయింది."

"నాకు తెలియకుండా..."

"ఇల్లు నాది. నోరు నాది. నీకు చెప్పి తెరవాలా?"

సరిగ్గా అప్పుడే గుమ్మంలో దగ్గు వినిపించింది.

పళ్ల డాక్టరు దగ్గర పనిచేసే కాంపౌండరు. చేతిలో తెల్లకోటు. మనిషి గాలిపటంలా ఉంటాడు, మాట మాత్రం టపాకాయ. మేం ముగ్గురం ఒక్కసారే మొహాలు సర్దుకున్నాం. షాపు మనుషులకి ఏడుపు మింగడం వేరే నేర్పక్కర్లేదు.

"రండి తమ్ముడూ," అన్నారు ఆయన. "కోటు సరిపోలేదా?"

"కోటు సరిపోయిందన్నా. మనిషే సరిపోలేదు." కోటు బల్ల మీద పరిచాడు. "పొద్దున మా డాక్టరుగారు తొడుక్కుని దర్జాగా కూర్చున్నారు. కుర్చీలో ముసలాయన నోరు తెరిచాడు. తెరిచినవాడు జేబు చదివాడు. ఇక నోరు మూస్తే ఒట్టు! నవ్వీ నవ్వీ కట్టుడు పళ్లు ఊడొచ్చాయి. నన్ను తిట్టారన్నా, మామూలుగా తిట్టలేదు. ఇంత మీసం పెట్టుకున్న మనిషికి ఆడపేరు కుడితే ఎలా చెప్పు?"

జేబు మీద నీలం దారంతో, గుండ్రటి అక్షరాలతో, ఆ పేరు.

అత్తయ్య నన్ను చూసింది. నేను అత్తయ్యని చూశాను. కుట్టింది నువ్వే అని ఇద్దరం ఒకరినొకరం అనుమానించాం, ఆ చూపులోనే తెలిసిపోయింది.

"ఇప్పుడే మార్చి ఇస్తాం నాయనా," అంది అత్తయ్య, ఎక్కడి నుంచి తెచ్చుకుందో ఆ తియ్యటి గొంతు. "ఒక్క పావుగంట."

"సరే పెద్దమ్మా, అలా వెళ్లి టీ తాగొస్తా. ఈలోగా మా డాక్టరుగారిని మళ్లీ మగాణ్ణి చేసిపెట్టండి." పాప బుగ్గ గిల్లాడు. "దీని పేరేంటి పెద్దమ్మా?"

ఎవరమూ చెప్పలేదు. మా మొహాలు చూసి నవ్వు మానేసి వెళ్లిపోయాడు.

అతని చెప్పుల చప్పుడు దూరమయ్యే దాకా ఆగాం.

"డాక్టరు కోటు మీద నీ పేరు కుట్టుకునే దాకా వచ్చావా?" అంది అత్తయ్య పళ్ల బిగువున. "రేపు వీధి గోడల మీద రాస్తావా?"

"నేను కుట్టలేదు. మీరు కుట్టి నా మీద పెడుతున్నారు."

"నేనా? ముప్పై ఏళ్లలో నా చేతి పేరు ఒక్కటి వెనక్కి రాలేదు!"

నేను లేచి కోటు తీసుకుని జేబు లోపలి వైపు తిప్పాను. ముందు వైపు ఎవరు కుట్టినా ఒకలాగే ఉండాలని అత్తయ్య నేర్పింది. వెనక వైపు ఎవరి చెయ్యి వాళ్లది. అత్తయ్య చివర ముడి వేస్తుంది. నేను గుడ్డకి ఆనించి కత్తిరిస్తాను. ఇక్కడ ముడి లేదు, కత్తిరింపు లేదు. దారం కొస వేలెడంత వేలాడుతోంది.

కోటు అలాగే తిప్పి అత్తయ్య ముందు పెట్టాను.

ఆమె ఆ కొసని చూసింది. తర్వాత కొడుకుని చూసింది. నేనూ చూశాను. ఆయన తువ్వాలు మడత పెడుతున్నారు. మడిచింది విప్పి మళ్లీ మడుస్తున్నారు.

"ఎవరి పేరు కుట్టావురా?" అంది అత్తయ్య.

"పొరపాటమ్మా. మీ ఇద్దరి గోలతో రాత్రి నిద్ర లేదు. చేతికి వచ్చింది కుట్టేశాను."

"చేతికి ఊరికే రాదు. కుట్టే ముందు పైకి చదవమని నీకు నేర్పలేదా?"

"చదివాను."

"పైకా?"

"...మనసులో."

"మనసులో ఎవర్ని చదివారు?" అన్నాను నేను.

అడకత్తెరలో పోకచెక్క అంటారు కదా, అలా ఉన్నారు మనిషి. ఇంకోరోజైతే జాలిపడేదాన్ని. ఈరోజు నాకు జాలి లేదు. రేపు ఆఫీసులో బల్ల ముందు నిలబడి పేరు చెప్పేది ఈయనే. ఆ నోట్లోంచి ఏం వస్తుందో నాకు ఇప్పుడే తెలియాలి.

"నేను... రోజూ కుడతాను," అన్నారు.

"ఏంటి?"

"పొద్దున దారం బిగువు చూసుకోవడానికి పేలిక మీద ఏదో ఒకటి కుడతాం కదా. అమ్మ గీతలు కుడుతుంది. నువ్వు సున్నాలు చుడతావు. నేను ఆ పేరు కుడతాను. కుట్టి, చించి పారేస్తాను. నిన్న పేలిక అనుకుని కోటు పెట్టేశాను సూది కింద. చూసుకోలేదు."

గోడవార పేలికల సంచీ ఉంది. రోజూ ఊడ్చి అందులో నింపేది నేనే. చించిన ముక్కల్లో ఏముందో ఏనాడూ చూడలేదు.

"ఎప్పట్నుంచి?" అన్నాం.

ఇద్దరం ఒక్కసారే అన్నాం. పెళ్లయ్యాక అత్తయ్యా నేనూ కలిసి అన్న మాట అదొక్కటే.

"మిషను నేర్చుకున్నప్పట్నుంచి. పన్నెండేళ్లప్పుడు అనుకుంటా."

అత్తయ్య మొహం వెలిగింది. నా కళ్ల ముందే వెలిగింది. చంకలో పాపని గుండెకి అదుముకుంది. "నా తండ్రే!" అంది. "నేనొక్కదాన్నే మర్చిపోలేదనుకున్నాన్రా ఇన్నాళ్లూ. ఒక్కసారైనా నోరు తెరిచి చెబితే ఏం పోయింది? విన్నావా అమ్మాయ్? వాడి చెల్లెలి పేరు. పొద్దున లేచి వాడు తలుచుకునేది దాన్ని. నిన్ను కాదు."

నేను ఆయన మిషను దగ్గరికి వెళ్లాను.

"పెళ్లయ్యాక కూడానా?" అని అడిగాను ఆయన్ని. "మన పెళ్లయ్యాక కూడా ఆమేనా?"

ఆయన అమ్మ వైపు చూశారు. ఆ మొహంలో వెలుగు చూశారు. చూసి, కళ్లు దించుకున్నారు.

"చెప్పరా," అంది అత్తయ్య. "దాని ముందు చెప్పడానికి భయమేంటి?"

"వద్దులేమ్మా."

"చెప్పమంటుంటే!"

"అమ్మా..." తువ్వాలు పక్కన పెట్టారు. "మొదట్లో ఆ పేరు కుడుతుంటే చెల్లి మొహం కనబడేది. పెళ్లయ్యాక కూడా కొన్నాళ్లు కనబడింది. తర్వాత... మసకబారింది. ఇప్పుడు కుడితే చెల్లి రావట్లేదమ్మా. ఎంత తలుచుకున్నా రావట్లేదు. ఇదే వస్తోంది." చెయ్యెత్తి నా వైపు చూపించారు. అప్పుడు కూడా పేరు అనలేదు.

నాకు సంతోషం కలగాలి. ఇన్నాళ్లూ ఎదురు చూసిన మాటే కదా. కానీ నేను అత్తయ్యని చూస్తున్నాను.

ఆమె అరవలేదు, తిట్టలేదు. మొహంలో వెలుగు ఉన్నట్టే ఉండి, తర్వాత ఆరిపోయింది. ఆయన అడుగు ముందుకేశారు. ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది.

"అమ్మా, నేను కావాలని..."

"ముట్టుకోకు."

బల్ల మీది గౌను తీసుకుంది. పాపని చంకలో సర్దుకుంది. వంటింట్లోకి వెళ్తుందనుకున్నాను. లోపలి గదిలోకి వెళ్లింది. తలుపు పడింది. గడియ పడింది.

"అత్తయ్యా! పాపని ఇవ్వండి."

తలుపు కొట్టాను. ఆ చప్పుడుకి పాప బెదిరి ఏడుపు అందుకుంది. పొద్దున నుదురు నిజంగానే వెచ్చగా ఉందా? నేనే సరిగ్గా చూడలేదా?

"అత్తయ్యా, దానికి ఆకలి వేస్తోంది. తలుపు తీయండి. మీరు ఏమన్నా పడతాను, తలుపు తీయండి."

ఆయన నా వెనకాల వచ్చి నిలబడ్డారు. "అమ్మా, రేపు ఆఫీసుకి వెళ్లను. ఎవరి పేరూ రాయించను. సరేనా? తలుపు తీయి," అన్నారు. ఆ మాట మా ఇద్దరిలో ఎవరికీ పనికిరాలేదు.

పాప ఏడుపు హెచ్చింది. అంతలో లోపల్నుంచి అత్తయ్య పిలిచింది. ఆ పేరే. అయితే ఇందాకటి గొంతు కాదు. సాగదీయలేదు, ముద్దు చేయలేదు. పెద్దవాళ్లని పిలిచినట్టు, పనిలో ఉన్న మనిషిని పక్క గదిలోంచి పిలిచినట్టు పిలిచింది.

పాప ఏడుపు ఆగిపోయింది.

పెళ్లైన ఈ నాలుగేళ్లలో ఈ ఇంట్లో నన్ను ఎవరూ అలా పిలవలేదు. నన్నే అనుకుని తలుపుకి చెంప ఆనించి, "ఆఁ... అత్తయ్యా," అన్నాను.

లోపల అత్తయ్య గౌను దులుపుతున్న చప్పుడు వినబడింది.

"నిన్ను కాదు," అంది.